మంగళం పాడని కచేరీ

రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి కలిపే ఏరియేటర్లు తిరగడం మొదలుపెడితే మా ఇంట్లోవాళ్ళు కిటికీలు మూస్తారు. నేను తెరుస్తాను. రెక్కలు నీళ్ళు చరిచే చప్పుడు కింద మోటారు సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగుకే కామేశ్వరి టీచరుగారు వయొలిన్ శ్రుతి చేసుకునేవారు. ఆవిడకి పిచ్చి అన్నవాళ్ళు కొత్తపేటలో చాలామందే ఉన్నారు. వాళ్ళ మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

ఆవిడది వేదం చదువుకున్న ఇల్లు. బడిలో పిల్లలకి కీర్తనలు నేర్పేవారు గానీ, సొంతంగా మాత్రం ఎవరూ పాట అనని పాటలు కట్టేవారు. డిగ్రీ అయ్యాక నేను మా చెరువు పని చూసుకుంటూ ఆవిడ దగ్గర వయొలిన్ నేర్చుకునేదాన్ని. ఓ సాయంత్రం ఆవిడే వయొలిన్ పట్టుకుని మా గట్టు మీదికి వచ్చారు.

"ఇక్కడ కచేరీ ఏంటండీ టీచరుగారూ, రొయ్యలు వింటాయా?" అన్నారు నాన్న.

"ఊళ్ళోవాళ్ళ కంటే నయమండీ. మధ్యలో లేచి వెళ్ళవు," అని ఆవిడ చాప పరుచుకున్నారు.

ఇద్దరం వాయిస్తుండగా ఓల్టేజీ పడిపోయింది. మోటారు గొంతు కిందికి జారింది. "శ్రుతి పోయిందండీ," అని నేను కమాను ఎత్తేశాను. "పోలేదమ్మా, కదిలింది. మనమూ కదలాలి," అంటూ ఆవిడ తీగ మీద వేలిని దానితోపాటే జార్చారు. కాసేపటికి కరెంటే పోయింది. ఆవిడ వయొలిన్ దించేశారు. ఆవిడ పద్ధతి అదే. ఆ చోట ఏది మోగుతుంటే దానికే శ్రుతి చేసుకోవాలి, అది ఆగితే పాట అయిపోయినట్టే.

అమలాపురం సంగీత సభవాళ్ళు ఆవిడని ఒక్కసారి పిలిచారు. ఆవిడ మా ఏరియేటరు మోటారుని వేదిక ఎక్కించారు. జనం సగం మంది లేచిపోయారు. చివరికి కార్యదర్శిగారు వచ్చి ప్లగ్గు పీకేశారు. టీచరుగారు వెంటనే లేచి నిలబడ్డారు.

"మంగళం పాడకుండా లేచేరేంటండీ? అశుభం కదండీ," అన్నారాయన కంగారుగా.

"ఆయ్. ముగించింది మీరు కదండీ. పాడితే మీరే పాడాలి," అని వయొలిన్ పెట్టెలో పెట్టేశారు.

తరవాత ఏ సభా ఆవిడని పిలవలేదు. ఆవిడ తగ్గనూ లేదు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ మా గట్టు మీదే వాయించారు.

మొన్న ఆవిడ సంస్మరణ సభ అదే హాల్లో పెట్టి నన్ను వాయించమన్నారు. "ఆ మోటారు గోల వద్దమ్మా. ఓ మంచి కీర్తన వాయించి మంగళం పాడెయ్యి. టీచరుగారి పేరు నిలబడుతుంది," అన్నారు అదే కార్యదర్శిగారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ కట్టిన పాట ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ రాదు. నేనూ కీర్తనే వాయిస్తే ఆవిడ నిజంగానే పోయినట్టు.

ఆ రోజు కరెంటు లేదు. హాలు వెనక జనరేటరు మోగుతోంది. నా ముందు పెట్టిన శ్రుతిపెట్టె కట్టేసి, తీగలు జనరేటరుకి సవరించుకుని ఆవిడ పాట ఎత్తుకున్నాను. కొందరు లేచారు. లేవనిచ్చాను. చాలాసేపటికి కరెంటు వచ్చింది, జనరేటరు ఆగింది. నేను కమాను దించాను. ఈసారి ప్లగ్గు ఎవరూ పీకలేదు.

మిగిలినవాళ్ళు కదలకుండా కూర్చున్నారు. "మంగళం, అమ్మా," అన్నారు కార్యదర్శిగారు నెమ్మదిగా.

"అయిపోయిందండీ," అని వయొలిన్ పెట్టె మూసుకుని బయటికి నడిచాను.

గేటు దగ్గర బస్సు ఒకటి ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. దాని శ్రుతి ఎక్కడుందో నా వేళ్ళు అప్పటికే వెతుకుతున్నాయి.