పదకొండు గంటల చాయ్ మెసేజీ

మొన్న ఆదివారం మా మనవరాలు స్కూలువాళ్ళు ఇచ్చిన ల్యాప్‌టాప్ ముందేసుకుని ఏదో బొమ్మలు గీసే ప్రోగ్రాము తెరవబోతే, దీనికి అనుమతి లేదంటూ తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఎవరాపిన్రు తాతా అని అది ముఖం ముడుచుకుని అడిగితే, ఒకప్పుడు అటువంటి ఆంక్షలు పెట్టడమే నా ఉద్యోగమని చెప్పి, ఆ పాత కథ మొదలుపెట్టాను.

జల్‌పల్లిలో ఈ చిన్న ప్లాటు కొని ఇల్లు కట్టుకోకముందు, పురానాపూల్ దగ్గర ఒక సర్కారీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అవి కొత్తగా వచ్చిన రోజుల్లో దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, చెప్పులు బయట విడిచి మరీ ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళం. ఆ భక్తి రెండేళ్ళలో ఆవిరైపోయి, ఫైళ్ళకన్నా పేకాటలే ఎక్కువ నడవసాగాయి. వాటితోపాటే ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు రాతలో కబుర్లు పంపుకునే ప్రోగ్రాము కూడా వచ్చి చేరింది.

ఆ కబుర్లకు పెద్దదిక్కు మా పెద్ద క్లర్కన్న. కిషన్‌బాగ్ నుంచి సైకిలు మీద వచ్చే ఆయనకు పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. ఎన్నో ఏళ్ళపాటు మేమంతా ఆయనకు నమస్తే పెట్టి తప్పుకుపోయినవాళ్ళమే. ఈ ప్రోగ్రాము వచ్చాకగానీ ఆయనంత చమత్కారి మా ఆఫీసులో లేడని తెలియలేదు. రోజూ పదకొండు గంటలకు, ఎన్ని చాయ్‌లు, ఎవరెవరికి చక్కెర బీమారి అంటూ తెలుగునే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి అందరికీ పంపేవాడు, జవాబివ్వనివాళ్ళను ఉతికి ఆరేసేవాడు, గది మొత్తం ఒక్కసారిగా నవ్వితే తలెత్తి మా ముఖాలు చూసి మురిసిపోయేవాడు.

కొత్తగా వచ్చిన ఆఫీసరుగారికి ఈ నవ్వులు నచ్చక, పనికిరాని ప్రోగ్రాములన్నీ బంద్ చేయమన్నారు. నిజం ఒప్పుకోవాలి, నాకు ఒళ్ళు పొంగింది. పేకాట, పాటలు, కబుర్లు అన్నిటినీ ఒక్క మధ్యాహ్నంలో ఆపేసి, కొత్వాలునైపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలాను. మర్నాడు పదకొండుకు మెసేజీ రాలేదు. అటెండరు అందరినీ అడిగి చాయ్ తెచ్చాడు, మేము ఎప్పటిలాగే నోటితో కబుర్లాడుతూ తాగాము, క్లర్కన్న మాత్రం తెర వైపు చూస్తూ తాగాడు. ఆయన నోరు కూడా నేనే కట్టేశానని నాలుగు రోజులకుగానీ నా బుర్రకు తట్టలేదు.

తట్టాక నేను వెలగబెట్టిన నిర్వాకం వినండి. ఆఫీసరుగారిని బతిమాలి, క్లర్కన్న ఒక్కడి కంప్యూటరుకు మాత్రం అనుమతి తెచ్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు భుజం తట్టి చూపించాను. ఆయన సంబరంగా ఏదో కొట్టి, జవాబు కోసం చాలాసేపు కూర్చున్నాడు. సాయంత్రం నా బల్ల మీద ఒక చీటీ పెట్టి, నమస్తే పెట్టి వెళ్ళిపోయాడు.

"భాయ్, నాకు నోరిచ్చినవ్, మంచిదే. వాళ్ళ చెవులు మూసినవ్ గదా, నేనెవరితోని మాట్లాడాలె?"

సిగ్గుతో తల వంగిపోయింది. మర్నాడు ఎవరినీ అడగకుండా, పదకొండు నుంచి ఒక పావుగంట అందరి కంప్యూటర్లకూ తెరిచాను. చాయ్ మెసేజీ వచ్చింది, గది నవ్వింది, ఆ నవ్వుకు ఆఫీసరుగారు బయటికి వచ్చారు. నేను చీటీ చేతికిచ్చాను. చదువుకుని, పద్ధతి ప్రకారం నాకొక మెమో ఇచ్చారుగానీ ఆ పావుగంట జోలికి మాత్రం మళ్ళీ రాలేదు. ఆ మెమోకు జవాబు కూడా క్లర్కన్నే ముచ్చటగా రాసిపెట్టాడు.

మనవరాలికి ఇదంతా చెప్పి, మీ స్కూల్లో ఆపినవాళ్ళకు నువ్వు కూడా ఒక చీటీ రాయమన్నాను. మర్నాడు అది స్కూల్లో టీచర్లను అడిగితే మాకు తెల్వదు, పైనుంచే గట్ల వస్తది అన్నారట. నేను చేసింది తప్పే, కాదనను. కానీ ఆ తప్పు చేసినవాడికి ఒక బల్ల ఉండేది, దాని మీద చీటీ పెడితే మర్నాటికి సిగ్గుపడే మనిషి ఒకడు ఉండేవాడు. మనవరాలు బుద్ధిగా కాగితం తెచ్చుకుని రెండు వాక్యాలు రాసి, పైన ఎవరికని పేరు రాయవలసిన చోట ఖాళీ వదిలి, ఎవరికియ్యాలె తాతా అంది.

ఆ కాగితం ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది.