మైదానానికి వీపు పెట్టి

నేను ఆఫీసుకు వెళ్ళే ట్రామ్ సిటీ స్టేడియం ముందు నుంచే వెళ్తుంది. ఆ స్టాపు రాగానే ఫోన్ తీసి తల దించుకుంటాను. చూడాల్సిన మెసేజ్ ఏదీ ఉండదు. ఆ ఇటుక గోడా, దాని మీద వచ్చే ఆదివారం రగ్బీ మ్యాచ్ ఉందని అంటించిన కాగితమూ కంట పడకుండా ఉంటే చాలు. చదువుకునే రోజుల్లో ఒక సీజన్లో రెండు మూడు నెలలు ఆ గోడ లోపల పనిచేశాను. అన్ని మ్యాచుల్లోనూ ఒక్క గోల్ కూడా చూడలేదు.

చూడకపోవడమే నా పని. స్టేడియంలో జనాన్ని అదుపులో ఉంచేవాళ్ళను ఇక్కడ జర్మనీలో ఆర్డ్నర్ అంటారు. పసుపుపచ్చ జాకెట్ వేసుకుని, మైదానానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడాలి. గోల్ పడిందా, పోయిందా అన్నది ఎదురుగా ఉన్న మొహాలను బట్టే తెలుసుకోవాలి. ఉప్పల్లో మ్యాచ్ డ్యూటీ పడిన కానిస్టేబుల్ సగం సేపు స్కోరు బోర్డే చూస్తాడు కదా, అలా కుదరదు ఇక్కడ. వెనక్కి తిరిగితే ఇంటికి పంపేస్తారు.

అసలు ఆ ఉద్యోగం నాది కాదు. నా రూమ్మేటుది. ఇద్దరం హైదరాబాద్‌లో ఒకే కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, ఒకే యూనివర్సిటీలో మాస్టర్స్‌కి వచ్చాం. నాది నల్లగొండ వైపు, వాడిది గుంటూరు వైపు. స్టూడెంట్ వీసా మీద ఏడాదికి ఇన్ని రోజులే పనిచేయాలని ఇక్కడ లెక్క ఉంది. పార్సిళ్ళ గోడౌన్‌లో ఒళ్ళు హూనం చేసుకుని నా రోజులన్నీ సెప్టెంబరుకే ఊడ్చేశాను. వాడి రోజులు అలాగే మిగిలి ఉన్నాయి, సెక్యూరిటీ కంపెనీలో పేరూ ఉంది, కానీ ప్రాజెక్టు మీద పడి శనివారాలు వెళ్ళడానికి కుదరడం లేదు. రాకపోతే లిస్టులోంచి తీసేస్తారు. ఇద్దరికీ గడ్డం, ఇద్దరికీ కళ్ళజోడు. కంపెనీ ఇచ్చిన కార్డు మీది ఫొటోలో ఉన్నది మా ఇద్దరిలో ఎవరైనా కావచ్చు.

కాలేజీలో ఇలాంటిది మాకు అలవాటే. లెక్చరర్ తలెత్తకుండా నంబర్లు పిలుస్తుంటే, రాని స్నేహితుడి వంతు రాగానే గొంతు మార్చి ప్రెజెంట్ సార్ అనేవాళ్ళం. నా అటెండెన్సులో సగం వాడు పలికిందే. దాన్ని ప్రాక్సీ అంటాం. తప్పని అనుకోం, స్నేహం అనుకుంటాం. పట్టుబడినా నాలుగు చీవాట్లతో పోయేది. అదే ఇక్కడైతే వీసా పోతుందని తెలియక కాదు, బాగా తెలుసు. తెలిసే వాడి కార్డు మెడలో వేసుకుని గేటు దాటాను. అలా నెలకు ఒక శనివారం వాడు, మిగతావి నేను.

మా వైపు బ్లాకులన్నిటికీ పెద్దగా ఒకావిడ ఉండేది. అరవై దాటి ఉంటాయి. పొట్టి తెల్ల జుట్టు, ఏ చలికీ చేతులకు గ్లోవ్స్ వేసుకోదు. ఇరవై ఏళ్ళ పైనుంచి ఆ స్టేడియంలోనే శనాదివారాలు గడిపింది. భర్త ఒకప్పుడు అదే మైదానంలో రగ్బీ ఆడేవాడట, పోయి చాలా కాలమైంది. పని నేర్పింది ఆవిడే. మొహాలు చూడకు, చేతులు చూడు, అరిచేవాడితో భయం లేదు, చేయి జేబులో పెట్టి నిశ్శబ్దంగా ఉన్నవాణ్ణి గమనించు అని చెప్పేది. నా మంకీ క్యాప్ చూసి నవ్వేది. తను తెచ్చుకున్న రొట్టెలో మాంసం లేని ముక్క విడిగా చుట్టి నాకిచ్చేది. నన్ను పిలిచేది మాత్రం మా వాడి పేరుతో. ఆవిడ ఆ పేరు పిలిచినప్పుడల్లా ఒక్క క్షణం ఆలస్యంగా పలికేవాణ్ణి.

ఆ స్టేడియానికి రెండు బతుకులు. శనివారం ఫుట్‌బాల్. అవతలి ఊరి నుంచి వచ్చిన జనానికి వేరే దారి, వేరే బ్లాకు, చుట్టూ కంచె, బయట పోలీసు వ్యాన్లు. కొన్ని ఆదివారాలు రగ్బీ. ఫుట్‌బాల్ గీతల మీద ఆకుపచ్చ రంగు కొట్టి, కొత్త గీతలు గీసి, గోల్ స్తంభాలు తీసి పొడవాటివి నిలబెట్టేవాళ్ళు. ఆ రోజు కంచె గేట్లన్నీ బార్లా తెరిచే ఉండేవి. మైదానంలో ఒకరినొకరు కుమ్ముకుంటుంటే, పైన రెండు జట్ల వాళ్ళూ పక్కపక్కనే కూర్చుని పిల్లలతో కేకులు తినేవాళ్ళు. ఆర్డ్నర్లతో పెద్దగా పనుండేది కాదు. ఒకసారి ఎవరి జాకెట్టూ లేకుండా రగ్బీకి రా, మైదానం వైపు తిరిగి కూర్చో, నీ పక్కన నేనుంటాను అంది ఆవిడ. వస్తానన్నాను.

నవంబరులో ఒక శనివారం. మధ్యాహ్నం మూడున్నరకు ఆట. అవతలి ఊరి వాళ్ళ రైలు ఆలస్యమై, అందరూ ఒక్కసారే వచ్చి పడ్డారు. వాళ్ళ బ్లాకుకు ఉన్నది ఒకే సన్నటి మెట్ల దారి. లోపల పాట మొదలవగానే వెనకవాళ్ళు తోశారు. ముందున్నవాళ్ళు కంచెకు అతుక్కుపోయారు. ఒకమ్మాయి నోరు తెరిచి ఉంది కానీ అరుపు రావడం లేదు. పక్క గేటు తెరవాలంటే కంట్రోల్ రూమ్ మాట కావాలి. ఆవిడ వాకీటాకీలో అడిగింది. ఆగమన్నారు. మళ్ళీ అడిగింది. ఆవిడ భుజానికి నా భుజం ఆనుకుని ఉంది. తెరవండి అన్న మాట నా చెవులతో నేను విన్నాను. ఆవిడ గేటు తెరిచింది. జనం నీళ్ళు దూకినట్టు దూకారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఒకతను మాత్రం మెట్ల మీద పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు.

తెరవమని తాము చెప్పనే లేదని కంట్రోల్ రూమ్ వాళ్ళు అన్నారు. ఆగమన్నామని, ఆమే తొందరపడిందని తేల్చేశారు. మాటలు రికార్డయి లేవు. ఆ గేటు దగ్గర ఉన్న ఆర్డ్నర్లు ఒక్కొక్కరూ ఆఫీసుకు వచ్చి, చూసిందీ విన్నదీ చెప్పి సంతకం పెట్టాలని కంపెనీ ఉత్తరాలు పంపింది. ఆవిడ పక్కన నిలబడి ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. ఉత్తరం వచ్చింది మా వాడి పేరు మీద. వాడు ఆ శనివారమంతా లేబ్‌లో ఉన్నాడు.

ఉత్తరం వచ్చిన సాయంత్రం వంటగదిలో మా వాడు ఉల్లిపాయ తరుగుతున్నాడు. సగంలో కత్తి పక్కన పెట్టాడు.

"నువ్వు విన్నావు గదరా. నేను విన్నానని చెప్పేసి వస్తాలే. ఏం మాట అన్నారో, ఎక్కడ నిలబడ్డావో అంతా నాకు నేర్పు. నిజమే గదా చెప్పేది."

వాడు అంత మాట అన్నాడని ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. తన మెడ మీదికి వస్తుందని తెలిసీ అన్నాడు. నా లెక్కలు వేరే. విన్నానంటే ఇంకో పది ప్రశ్నలు వేస్తారు. మళ్ళీ పిలుస్తారు. ఆవిణ్ణీ వాణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఎక్కడో ఒకచోట తీగ లాగితే నా దాకా వస్తుంది. వీసా పొడిగింపు కోసం నెలల తరబడి తిప్పలు పడితే దొరికిన టెర్మిన్, అంటే వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్, మూడు వారాల్లో ఉంది.

"వద్దురా," అన్నాను. "సప్పుడుల ఏం ఇనబడలే అని చెప్పి రా."

"మరి ఆవిడ సంగతో?"

"ఆమెకేందిరా. ఈ దేశపామె. ఆమెకు వీసా గొడవ ఉన్నదా?"

నేనే అన్నాను ఆ మాట. వాడు నా మొహం వైపు ఒకసారి చూసి మళ్ళీ ఉల్లిపాయ అందుకున్నాడు. రెండు రోజుల తర్వాత వెళ్ళి, చప్పుడులో ఏమీ వినపడలేదని చెప్పి సంతకం పెట్టి వచ్చాడు. కాలేజీలో వాడు నా కోసం పలికిన వాటికీ దీనికీ తేడా ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత వాడు కంపెనీలో పేరు తీయించుకున్నాడు, కార్డు తిరిగిచ్చేశాడు. చదువు కాగానే బ్రెమెన్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. పుట్టినరోజులకు ఫోన్ చేసుకుంటాం. స్టేడియం ఊసు ఎత్తం.

ఆవిణ్ణి లిస్టులోంచి తీసేశారని కొన్నాళ్ళకు తెలిసింది. నా వీసా పొడిగించారు, ఉద్యోగం వచ్చింది, దాంతో ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు వచ్చింది. ప్రతిదానికీ ఇంటికి ఫోన్ చేసి సంబరంగా చెప్పాను. అమ్మ కొబ్బరికాయ కొట్టించింది. నాకేమో ఆ కంచె దగ్గరి అమ్మాయి తెరిచిన నోరు గుర్తొచ్చేది. గేటు తెరవకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. తెరిచినావిడ ఇంట్లో కూర్చుంది. నేను ఆఫీసులో కూర్చున్నాను.

ఈ ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఎందుకో ఆ స్టాపులో దిగాను. దిగాలని ఇంట్లో అనుకోలేదు. గోడ మీది కాగితం చూసి, రగ్బీకి టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళాను. గేటు దగ్గర పసుపుపచ్చ జాకెట్ కుర్రవాడు నా బ్యాగు తెరిచి చూస్తుంటే నా చెవులు వేడెక్కాయి. లోపల కంచె గేట్లన్నీ తెరిచే ఉన్నాయి. అయిదో వరుసలో, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని ఆవిడ కూర్చుని ఉంది. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. అంతలో చూసి చెయ్యి ఊపింది. మా వాడి పేరు పెట్టి పిలవలేదు. ఊరికే చెయ్యి ఊపింది.

పక్కన కూర్చున్నాను. ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చింది. కాసేపు ఆట చూశాం. నాకు ఆట తలకెక్కలేదు, బంతి వెనక్కే ఎందుకు విసురుతున్నారో అర్థం కాలేదు. ఆవిడ వివరించింది. నేను తలూపాను. తర్వాత అదే గొంతుతో, తలైనా తిప్పకుండా అంది.

"మీరు ఇద్దరని నాకు మొదటి నెలలోనే తెలుసు. అతను గోల్ పడితే వెనక్కి తిరిగి చూసేవాడు. నువ్వు ఒక్కసారి కూడా తిరగలేదు."

చేతిలోని టీ మూత పక్కన పెట్టాను. ఆ రోజు ఆఫీసు వరండాలో ఆవిడ కూడా తన వంతు కోసం కూర్చుని ఉందట. లోపలికి వెళ్ళింది నేను కాదని చూసిందట. గేటు దగ్గర ఉన్నది ఇతను కాదు, ఇంకొకతను, అతన్ని పిలిచి అడగండి అని ఒక్క మాట అంటే ఆవిడ ఉద్యోగం నిలిచేది. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నిన్ను దేశం నుంచి పంపించేసేవాళ్ళు. నాకు పోయినవి శనివారాలే."

అవి ఉత్త శనివారాలు కావని ఆవిడ కూర్చున్న చోటు చూస్తేనే తెలుస్తుంది. సిగ్గుతో చచ్చిపోయాను. జర్మన్లో క్షమాపణకు నాకు వచ్చిన మాటలన్నీ ట్రామ్‌లో కాలు తొక్కినప్పుడు వాడేవే. అవే అన్నాను. కంపెనీకి ఇప్పుడు ఉత్తరం రాస్తానని, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెడతానని కూడా అన్నాను. ఆవిడ నా కాగితాల సంగతి అడిగింది. శాశ్వత నివాసానికి పెట్టుకున్నాననీ, వచ్చే నెలలో టెర్మిన్ ఉందనీ చెప్పాను. ఆవిడ చిన్నగా నవ్వింది. వెటకారం లేదు ఆ నవ్వులో, ఉన్నా బాగుండేది. అయితే అది అయ్యాకే రాయమంది.

ఆట అయిపోయింది. కింద రెండు జట్ల వాళ్ళూ బురదతోనే వరుసగా నిలబడి చేతులు కలుపుకుంటున్నారు. ఆవిడ ఫ్లాస్కు బిగించి, లేవబోయి ఆగి, నా అసలు పేరేమిటని అడిగింది. చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. మొదటిసారి ఆవిడకు సరిగ్గా పలకలేదు. రెండోసారి కూడా పలకలేదు. మూడోసారి మా అమ్మ పిలిచినట్టే పలికింది.

టెర్మిన్ బాగానే జరిగింది. కార్డు వచ్చి నాలుగు నెలలైంది. ఉత్తరం ఇంకా రాయలేదు. మొదట ఎండాకాలం సెలవులన్నాను, తర్వాత ఆఫీసులో రిలీజ్ అన్నాను, ఇప్పుడు ఏమంటున్నానో నాకే తెలియదు. ఆ ఉత్తరం కింద పెట్టాల్సిన పేరు మాత్రం ఆవిడకు తెలుసు.