మా చెల్లెలండి

గుంటూరు ఆసుపత్రిలో మా అమ్మ పక్క మంచం మీద ఒకామె ఉండేది. మిరపకోతలకు వెళ్లే కూలీ. రొమ్ము క్యాన్సర్. ఆరోగ్యశ్రీ కాగితాల కోసం అన్ని ఆఫీసులూ తనే తిరిగింది. "తోడెవరూ రాలేదా?" అని ఎవరడిగినా, "ఒక్కదాన్నేనండి," అని నవ్వేది.

చివరికి ఆపరేషన్‌కు అనుమతి వచ్చింది.

"మీవాళ్లెవరైనా సంతకం పెట్టాలమ్మా," అంది నర్సు.

ఆ మాటకు మాత్రం ఆమె నవ్వలేకపోయింది. తల వంచుకుంది. నేనే లేచి పెన్ను తీసుకున్నాను.

"మీరేమవుతారు?" అంది నర్సు నాతో.

నేను తడబడుతుంటే, "మా చెల్లెలండి," అందామె గబుక్కున.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపిన రోజు, బస్టాండు దాకా వస్తానన్నాను.

"వద్దమ్మా. తోడు అలవాటైతే ఊళ్లో ఉండలేను," అని సంచీ తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.