పైపు నడుమ బొట్టు

మా మేస్త్రి పోయాడని వదిన ఫోన్ చేసేసరికి నేను బోధన్ అవతల చెరుకు తోటల మధ్య, తవ్విన కాలువ గట్టు మీద కూర్చుని ఉన్నాను. “మీ అన్న పొద్దుగాల చాయ్ తాగి ఒరిగిండు తమ్మి, మళ్ల లేవలే” అంది ఆవిడ. “వస్తున్న వదినా” అన్నానే గానీ లేవడానికి చాలాసేపు పట్టింది. దుఃఖం వల్లనని రాస్తే అబద్ధమవుతుంది. ఈ మధ్య ఏ కబురు విన్నా ముందు అలసట వస్తోంది, ఏడుపు ఆ తరువాతెప్పుడో వస్తోంది.

అన్నా అని పిలిచినా మేస్త్రి నాకు చుట్టం కాదు. ఆయనది నందిపేట్ వైపు, తరాలుగా చర్చికి పోయే కుటుంబం. నేను బాల్కొండ దగ్గరి పసుపు రైతు కొడుకును. చదువైపోయాక ఒక కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్‌గా చేరితే, ఊళ్లకు తాగునీళ్లు తీసుకుపోయే నల్ల ప్లాస్టిక్ పైపులు అతకడం ఆయనే నేర్పాడు. రెండు పైపుల కొసలను కలపడానికి మందపాటి గొట్టం ముక్క ఒకటి తొడుగుతాం. దాన్ని కప్లర్ అంటాం. దాని లోపల సన్నని తీగ చుట్టి ఉంటుంది. మిషన్ తగిలించి కరెంటు ఇస్తే తీగ వేడెక్కి, కప్లరూ పైపూ కరిగి ఒకటైపోతాయి. చెప్పుకోవడానికి ఇంతే. ఈ ఇంతే నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కప్లర్లు కొనడానికి నిజామాబాద్ వెళ్లినప్పుడల్లా ఆయన సంచిలో జానెడు పైపు ముక్క ఉండేది, మేం వేస్తున్న లైనులోంచి కోసిందే. దుకాణంలో ఒక్కో కప్లర్‌నూ తిప్పి తిప్పి, దాని మీది అచ్చు అక్షరాలను కళ్లద్దాలు ముందుకూ వెనక్కూ జరుపుకుంటూ చదివేవాడు. పైపు ఆపగలిగే ఒత్తిడిని కప్లర్ కూడా ఆపాలి. పైపు గోడ మందానికి అది సరిపోవాలి. కవరు చిరిగి ఉంటే ఇక చూసేవాడే కాదు. “లోపల మాల్ మంచిదే మేస్త్రి” అని దుకాణదారు బతిమాలితే, “మాల్ మంచిదే సేట్. గని దుమ్ము గూడ లోపలికి పోయింది గద” అనేవాడు. నేను విసుగ్గా బయట నిలబడి రెండో చాయ్ తాగేవాణ్ణి. “మనకు నచ్చింది తెచ్చుడు గాదు తమ్మి. పైపు ఏది అడుగుతుందో గది తేవాలె” అని తిరుగు దారంతా పాఠం చెప్పేవాడు.

అతికే ముందు పైపు కొసను గీకి, మెరుపంతా పోయేదాకా పైపొర తీసేవాడు. తరువాత మందులో తడిపిన గుడ్డతో తుడిచేవాడు. ఆపైన ఎవరూ వేలు పెట్టకూడదు. అతుకు అయ్యాక తెల్ల మార్కర్‌తో కప్లర్ మీద టైమూ, తన పేరులో మొదటి అక్షరమూ రాసేవాడు. ఎందుకన్నా అంటే, “పేరు రాస్తున్నమంటే చెయ్యికి భయముంటది” అన్నాడు.

మా దగ్గర కొత్త లైను మొదలుపెడితే పైపుకు పసుపు పూసి కుంకుమ బొట్టు పెడతాం. ఆయన ఏనాడూ వద్దనలేదు, కొబ్బరికాయ తనే తెచ్చేవాడు. ఒక్కటే చెప్పేవాడు: “బొట్టు పైపు నడుమ పెట్టుండ్రి, కొసకు పెట్టకుండ్రి.”

నేను కొసకు పెట్టాను. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. బోధన్ వైపు ఒక ఊళ్లో ట్యాంకు దగ్గర మొదటి అతుకు. పెద్దమనుషులు ఎండలో నిలబడి ఉన్నారు. మేస్త్రి కొస గీకి, తుడిచి, జనరేటర్ చూడ్డానికి వెళ్లాడు. ఫొటోలో కప్లరూ బొట్టూ రెండూ పడాలని ఎవరో అన్నారు. నేను ఆ శుభ్రమైన కొస మీదే పసుపు పూసి బొట్టు పెట్టాను. ఫొటో అయ్యాక జేబురుమాలుతో తుడిచి కప్లర్ తొడిగేశాను. పసుపు రైతు కొడుకును, పసుపు తుడిస్తే పోదని నాకు తెలియదా?

ఆయన తిరిగొచ్చి, “కొస ఎవలన్న ముట్టిండ్రా తమ్మి?” అని అడిగాడు. “లేదన్నా” అన్నాను. నా మాట నమ్మి అతికాడు, తన అక్షరం రాశాడు.

నీళ్లు వదిలి పరీక్షించిన రోజు ఆ అతుకు దగ్గరే కారింది. కోసి తీశాక, కప్లర్‌లోంచి ఒక పక్క పైపు ముక్క చేత్తో లాగితే ఊడి వచ్చింది. కప్లర్ లోపల, కరగని చోట, పసుపు మరక. మేస్త్రి మరకను చూశాడు, నన్ను చూశాడు, కప్లర్‌ను సంచిలో వేసుకున్నాడు. “నువ్వు ఏరి తెచ్చిన కప్లరే గదా ఇది? ఇయ్యాల్టి నుంచి దుకాణానికి నువ్వు పోకు” అని కాంట్రాక్టర్ అందరి ముందూ అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఉద్యోగం పోతుందని నోరు తెరవలేదు.

ఆ తరువాత ఎవరెవరో తెచ్చిన కప్లర్లతో ఆయన పని చేశాడు. దుకాణానికి పోయే పని లేకపోయినా సంచిలో ఆ జానెడు పైపు ముక్క అలాగే ఉండేది. నాకు నేర్పడం మాత్రం మానలేదు. ఈ రోజు నా చేతుల్లో ఉన్న పనంతా ఆయన పెట్టిన భిక్షే. ఎన్నోసార్లు “అన్నా, గా దినం...” అని మొదలుపెట్టాను. ఆయన నా వైపే చూస్తూ ఆగేవాడు. నేను ఇంకేదో మాట కలిపేసేవాణ్ణి.

సమాధి చేసి అందరూ వెళ్లిపోయాక, ఇంట్లో వదిన మంచినీళ్ల కుండ కడగడానికి ఎత్తింది. కింద కుదురుగా ఉన్నది నాడు సంచిలో వేసుకున్న ఆ కప్లరే. ఆ ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఆ కుండలో నీళ్లే తాగాను, దాని కింద ఏముందో ఒక్కసారీ చూడలేదు.

“వదినా, గా లోపలి పసుపు నేను పెట్టిన” అన్నాను. ఇన్నేళ్లు మోసిన మాట అంత చిన్నగా ఉంది.

“నాకెరికే తమ్మి. గా దినమే చెప్పిండు.”

“మరి ఎవలకు ఎందుకు చెప్పలే?”

“నేను గూడ గదే అడిగిన. మంచిగ జరగాలనే పెట్టిండు గద పిల్లగాడు, అన్నడు.” కుదురును కూడా కడిగి, మళ్లీ గోడ పక్కన పెట్టింది. “గని నువ్వే వచ్చి చెప్తవని మస్తు దినాలు సూసిండు.”

వదిన కుండ నింపి కుదురు మీద పెట్టింది. లోపలి పసుపు మరక కనబడకుండా పోయింది. బయట ఆయన రాసుకున్న తెల్ల అక్షరం మాత్రం, సగం చెరిగి, కడిగిన తడికి మెరుస్తూ ఉంది.