పొయ్యిలో పడుకున్న పిల్లి

పొద్దున్నే పక్కింటి మెట్ల మీద పిల్లి ఉండలా చుట్టుకుని, ముక్కు తోక కింద దాచుకుని పడుకుంది. చూడగానే మా చిన్నప్పటి పిల్లి గుర్తొచ్చింది.

మా అరకు చలి సంగతి తెలుసుగా? నాకప్పుడు ఎనిమిదేళ్లు. దేవుడికి దణ్ణం పెట్టుకుని, పొయ్యిలో పుల్లలు పేర్చి అంటించాను. బూడిద కదిలింది! అందులో రెండు కళ్లు తెరుచుకున్నాయి! మా బూడిదరంగు పిల్లి ఒక్క గెంతులో నాయనమ్మ ఒళ్లో పడింది.

“ఓలమ్మో! తడిమి సూడకుండా అగ్గెట్టేసినావేటే గుంటా? ముక్కు తోక్కింద ఎట్టిందంటే దానికి సలేస్తన్నట్టే. ఎచ్చగుంటే పొయ్యిలోనైనా దూరతాది!” అని నాయనమ్మ కేకేసింది.

దేవుడి దయవల్ల దాని మీసాలు కాలాయంతే. నేను మాత్రం రోజంతా ఏడ్చాను.

ఇప్పటికీ గ్యాస్ స్టవ్ వెలిగించే ముందు, రామా అనుకుంటూ బర్నర్లు ఒకసారి చేత్తో తడుముతాను.