బీడు అని రాసిన భూమి

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు, పెద్దపల్లి నుంచి గోదావరిఖని వెళ్లే బస్సులో ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. ఓపెన్‌కాస్టు గని కింద వాళ్ల చేను పోతోందట. పెద్దపల్లి ఆఫీసులో ఇచ్చిన కాగితం నా చేతిలో పెట్టి, "జర చదువు బిడ్డా, ఏం రాసిన్రో" అంది.

"బీడు భూమి, సాగు లేదు" అని చదివాను.

"మల్లొక్కపారి చదువు."

మళ్లీ చదివాను.

"సాగు లేదా? పెండ్లైన యేడు ఆ జాగకు పోయినం. అంత తుమ్మకంప, రాళ్లు. తాటికమ్మల కింద పండుకున్నం. నేను, మా ఆయన మూడు ఎండకాలాలు తవ్వితె బాయిల నీళ్లు పడ్డయి. మొన్నటిదాక పత్తి ఏరిన. చూడకుంటనే ఆ ఆఫీసరు ఎట్ల రాసిండు?"

"ఇంకో అర్జీ పెట్టవ్వా" అన్నాను.

"నాలుగు పెడితెనే గిది ఇచ్చిన్రు!"

కాగితం లాక్కుని లేచి, బస్సు ఆపించింది.

"ఏడికవ్వా?"

"ఎన్కకే. వాని ముంగటనే చదివిపిస్త."

దిగి రోడ్డు దాటి, పెద్దపల్లి వెళ్లే బస్సు కోసం చెయ్యెత్తి నిలబడింది. అక్కడ ఎవరు చదివి పెడతారని నేను అడగలేదు. సీట్లోంచి లేవనూ లేదు.