దీదీ తగిలించిన ఎర్ర ట్యాగు

మా ఆసుపత్రి కంప్యూటర్లకి నెలకోసారి మూతలు తీసి బ్లోయరు పెడతాం. పెట్టగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంటుంది. ఈ రాయపూర్ దుమ్ముకి అంత ఘాటు లేదు. భిలాయి దుమ్ములో ఇనుము ఉంటుంది, ముక్కుకే కాదు, నాలుకకి కూడా తగులుతుంది. అయినా ఆ వాసన రాగానే నాకు సెక్టర్ 6లో ఒక క్వార్టరు వరండా కనబడుతుంది. అక్కడ పాత చెక్కబల్ల మీద ఎవరిదో కంప్యూటరు విప్పి ఉంటుంది. దాని ముందు చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కామేశ్వరి దీదీ కూర్చుని, కంప్యూటరుని కాకుండా దాన్ని తెచ్చినవాళ్లని తిడుతూ ఉంటారు.

దీదీది విజయనగరం. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు కంట్రోల్ రూంలో ఇంజనీరుగా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేశారు. పిల్లలూ, పెన్షనర్లూ, కూరగాయల బండివాడూ అందరూ ఆవిడని దీదీ అనే పిలిచేవారు. రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మా నాన్న ఒక్కరే చివరిదాకా మేడమ్ అన్నారు. రిటైరయ్యాక దీదీ వరండాలో బల్ల వేసుకుని మా తెలుగువాళ్ల కంప్యూటర్ల జబ్బులు చూడటం మొదలుపెట్టారు. ఇంకేమీ అడిగేవారు కాదు, జరిగింది జరిగినట్టు చెప్తే చాలు. అదే ఎవరూ చెప్పరు. అందరూ నోరు తెరవగానే దానంతట అదే ఆగిపోయిందనేవారు. నేను డిగ్రీ చదివే రోజుల్లో తెర నిండా ప్రకటనలు గంతులేస్తున్న లాప్‌టాప్ పట్టుకెళ్లి అదే మాట అన్నాను.

"దానంతట అదే ఏదీ ఆగదు పద్మా. ఆగీ ముందు నువ్వేటి నొక్కేవో చెప్పు."

ఫ్రీగా సినిమాలు చూపించే దేన్నో నొక్కానని నసిగాను. దీదీ తిట్టలేదు. పక్కన స్టూలు లాగి, "చెప్పేవు కదా, ఇంక సగం పనయిపోయినట్టే. కూచుని చూడు" అన్నారు. నేను చదువుతున్నది కామర్స్. కానీ ఆ స్టూలు మీద ఒకసారి కూర్చున్నాక లేవలేదు. కంప్యూటర్ కోసం వెళ్లానని గొప్పగా చెప్పను, ఆవిడ చేసే ఆవపెట్టిన పనసపొట్టు కూర కోసం కూడా వెళ్లాను. అక్కడి మార్కెట్టులో పచ్చి పనసకాయని ముక్కలుగా కోసి ఇస్తారు తప్ప పొట్టు కొట్టరు. అది కొట్టించడానికి దీదీ ఆ కొట్టువాడితో హిందీలోనూ, ఛత్తీస్‌గఢీలోనూ, విసుగొస్తే విజయనగరం తెలుగులోనూ చేసే యుద్ధం చూడ్డానికి చుట్టుపక్కలవాళ్లు పని ఆపుకునేవారు.

ఒక ఏడాది వినాయక చవితికి మా తెలుగువాళ్లంతా చేరినప్పుడు, భోజనాలకి ముందు దీదీని కంప్యూటర్ జాగ్రత్తల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఆవిడ లేచి ఒకే ప్రశ్న వేశారు.

"మీలో ఎంతమంది పాస్‌వర్డు మీ ప్లాంటు పర్సనల్ నంబరు? అబద్ధాలొద్దు, ఎదురుగుండా వినాయకుడున్నాడు."

భిలాయిలో పుట్టినవాళ్లకి దీని సంగతి చెప్పక్కర్లేదు. ప్లాంటులో పనిచేసే ప్రతివారికీ ఒక పర్సనల్ నంబరుంటుంది. ఆసుపత్రిలో చీటీ రాయించాలన్నా, క్వార్టరులో కుళాయి బాగుచేయించాలన్నా ఆ నంబరే చెప్పాలి. ఇంటిపేరు మరిచిపోయే పిల్లలుంటారేమోగానీ నాన్న నంబరు మరిచిపోయే పిల్లలుండరు. అందుకే మెయిలుకీ, బ్యాంకుకీ, కరెంటు బిల్లుకీ అందరం అదే పెట్టుకున్నాం. ఆ ప్రశ్న విని మా నాన్న పందిరి గుంజల వంక చాలా శ్రద్ధగా చూడసాగారు.

"ఆసుపత్రి కిటికీ దగ్గర కేకేసి చెప్పీ నంబరుకి తాళమని పేరేటండి? ఇంటికెళ్లి మార్చండి. ఒక్కోదానికి ఒక్కోటి పెట్టండి. గుర్తుండకపోతే నా దగ్గిరికి రండి, నేర్పుతాను" అని కూర్చున్నారు. ఆ రోజు పులిహోర చాలామందికి సరిగ్గా దిగలేదు. కొంతమంది నిజంగానే మార్చుకున్నారు. నాన్న మార్చలేదు.

నాన్నకి రిటైరయ్యాక సంబంధాలు కుదర్చడం వ్యాపకమైంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు భిలాయిలోనే పుట్టి, తెలుగు కంటే హిందీ బాగా మాట్లాడుతూ పెరిగారు. వాళ్లకి అక్కడి సంబంధం అతకదు, ఇక్కడ మనవాళ్లెవరో తెలియదు. అందుకని సెక్టర్ 4 నుంచి ఊరవతల జాముల్ దాకా ఆడపిల్లల తల్లిదండ్రులు ఫొటోలూ, వివరాలూ, ఫోన్ నంబర్లూ తెచ్చి నాన్నకిచ్చేవారు. నాయుడు గారి దగ్గరుంటే లాకర్లో ఉన్నట్టేనని వాళ్ల ధైర్యం. అవన్నీ మా ఇంటి కంప్యూటరులో ఉండేవి. జాతకాలు కలపడానికి ఎక్కడో ఫ్రీగా దొరికిన ప్రోగ్రాం ఒకటి నాన్న దాన్లో ఎక్కించుకున్నారు. అప్పటినుంచి కంప్యూటరు ఈడుస్తూ నడిచేది. కొన్నాళ్లకి విసుగెత్తి, చెత్తని శుభ్రం చేసే ఇంకో ఫ్రీ ప్రోగ్రాం తెచ్చి నడిపారు. మర్నాటికి నీలం తెర వచ్చి, ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగిపోవడం తప్ప అది ఇంకే పనీ చెయ్యలేదు. నేను వెళ్లి దీదీని స్కూటరు మీద మా ఇంటికి తీసుకొచ్చాను.

"ఎర్రగా కనబడ్డవన్నీ తీసీసేను మేడమ్. ఎర్రగా ఉంటే డేంజరే కదా" అన్నారు నాన్న.

"వాల్వు పీకీసేరు, దాని పైపు మూయలేదు. సిస్టం లేవగానే ఆ వాల్వు కోసమే వెతుకుతున్నాది, దొరక్క పడిపోతున్నాది."

ముందు డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకి తగిలించి, ఫొటోలూ కాగితాలూ మాత్రం విడిగా దింపుకున్నారు. ప్రోగ్రాములు ఒక్కటి కూడా తీసుకోలేదు. ఆ తర్వాత డిస్కు మళ్లీ బిగించి, నెట్టు వైరు పీకేసి, సేఫ్ మోడులో లేపారు. అంటే అత్యవసరమైన వాటితో మాత్రమే సిస్టం లేవడమన్నమాట. పోయిన ఫైళ్లు తిరిగి పెట్టారు, లేనిదాన్ని పిలుస్తున్న పిలుపులు తీసేశారు. ఇంకా పని మిగిలి ఉండగా సాయంత్రమైంది. వెళ్లబోతూ చేతిసంచిలోంచి ఎర్ర అట్టముక్క తీసి స్విచ్చుకి తీగతో కట్టారు. పని జరుగుతోంది, స్విచ్ వేయరాదని దాని మీద హిందీలో రాసి ఉంది, కింద ఆవిడ పేరు. ప్లాంటులో ఏ యంత్రం మీద పనిచేసినా ఇలాంటి ట్యాగు కడతారు. కట్టినవాళ్లే విప్పాలి. పెద్ద ఆఫీసరు వచ్చినా ముట్టుకోడు.

మర్నాడు వచ్చి ట్యాగు విప్పి, మిగతాది పూర్తిచేసి, అంతా చూసి, దీదీ కళ్లజోడు తీశారు. నాన్న జాతకాల ప్రోగ్రాంతో పాటు వచ్చింది ప్రకటనలు వేసేది మాత్రమే కాదట, చాటుగా చూసేదట. కొట్టిన పాస్‌వర్డులూ, తెరిచిన ఫైళ్లూ ఎవరికో పంపేదట.

"ఆడపిల్లల ఫొటోలు, నంబర్లు పోయుండొచ్చు నాయుడు గారూ. వాళ్లందరికీ చెప్పాలి."

"పోయేయని ఖాయమా మేడమ్?"

"కాదు. పోలేదని కూడా ఖాయం కాదు."

నాన్న గొంతు తగ్గించారు. "చెప్తే నన్నింకెవరు నమ్ముతారండి. ఇజ్జత్ పోద్ది. సిస్టం బాగయిపోనాది కదా, పాస్‌వర్డులు మార్చీసి ఊరుకుందాం."

దీదీ నెమ్మదిగా అడిగారు. "పనయిపోయేక లైనుకి కరెంటు వదిలీ ముందు, లైను మీదున్నవాళ్లందరికీ చెప్పాలా, వద్దా?"

"మీరు చెప్పడం అయిపోయేక కబురు పెట్టండి, వచ్చి ట్యాగు విప్పుతాను" అని, ట్యాగు మళ్లీ స్విచ్చుకి కట్టి చెప్పులేసుకున్నారు దీదీ.

కంప్యూటరు శుభ్రంగా ఉంది. స్విచ్చు వేస్తే చాలు. నాన్న దాని చుట్టూ తిరిగారు, బల్ల తుడిచారు, కుర్చీ సర్దారు. ఆయన అవస్థ చూడలేక, అట్టముక్కే కదా నాన్నా, తీసేయ్ అన్నాను. నా వంక ఆయన చూసిన చూపు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"దాని మీద ఆవిడ పేరున్నాది, కనబడతాందా? నేను రోలర్ల మజ్జిన దూరి పనిచేసీనప్పుడు పైన స్విచ్చు మీద అలాటి అట్టముక్కే ఉండీది. దాన్నెవడూ ముట్టుకోలేదు గాబట్టే నువ్వు నన్ను నాన్నా అంటన్నావు."

మర్నాడు పొద్దున్నే నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నంబర్లు రాసుకున్న పాత డైరీ పట్టుకుని ఫోను ముందు కూర్చున్నారు. మిల్లు మోతకి చెవులు మందగించాయి కాబట్టి స్పీకరు పెట్టేవారు. అందరికీ ఒకటే మాట చెప్పారు.

"తప్పు మా ఇంట్లోనే జరిగింది. మీ పిల్ల ఫొటో, నంబరు బయటికి పోయుండొచ్చు. తెలీని నంబరు నుంచి ఏదొచ్చినా జవాబివ్వకండి. లింకులొస్తే నొక్కకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి."

కొందరు పోనీలెండి అన్నారు. కొందరు మా పిల్ల వివరాలు తీసేయండి, ఇంక మీ సాయం వద్దన్నారు. ఒకాయన మధ్యలోనే ఫోను పెట్టేశారు. నాన్న ప్రతిసారీ కండువాతో మొహం తుడుచుకుని తర్వాతి నంబరు నొక్కారు. నేను కాఫీ ఇస్తే తాగలేదు.

జాముల్‌లో ఒక తల్లి మాత్రం ఏమీ అనలేదు. లైను తెగిందనుకుని నాన్న హలో హలో అన్నారు.

"ఉన్నానండి. ఎన్నాళ్లనుంచి పోతన్నాయండి ఇవి?"

తెలీదమ్మా, కొన్ని నెలలై ఉండొచ్చన్నారు నాన్న.

"మా పిల్ల ఫోనుకి ఎవరో మగోళ్లు మెసేజీలు పెడతన్నారండి. దాని ఫొటోయే పెట్టి మరీ. నువ్వే ఇచ్చుంటావని కొట్టేనండి. ఫోను లాగీసుకున్నాను. కాలేజీ మానిపించీసేను. నాకు తెలీదమ్మా, నాకు తెలీదమ్మా అని ఏడిసింది. నేను నమ్మలేదండి."

నాన్న కండువా పక్కన పెట్టి, "ఫోను పిల్లకివ్వండమ్మా" అన్నారు. అవతల ఆవిడ, "బేటా, ఇధర్ ఆ" అని పిలవడం వినబడింది. ఆ పిల్ల వచ్చి సన్నగా హలో అంది. జన్మలో ఎవరికీ క్షమాపణ చెప్పి ఎరగని మా నాన్న, ఫొటోలో తప్ప చూడని ఆ పిల్లకి, తప్పు నాదనీ, నీది కానే కాదనీ, అమ్మకి కూడా చెప్పాననీ తనకొచ్చిన హిందీలో చెప్పారు. ఆ పిల్ల ఏడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది.

కబురందుకుని దీదీ సాయంత్రం వచ్చి ట్యాగు విప్పి సంచిలో వేసుకున్నారు. నాన్నని పొగడలేదు. "కాఫీ ఉందేటి?" అని మాత్రం అడిగారు. మర్నాడు తనే ఆ తల్లీకూతుళ్లని వెంటబెట్టుకుని పోలీసుల దగ్గర ఫిర్యాదు రాయించారు. ఆ పిల్ల మళ్లీ కాలేజీకి వెళ్లిందని కొన్నాళ్లకి తెలిసింది. నాన్న సంబంధాల పని ఆగిపోలేదు, అయితే తగ్గింది. తగ్గినందుకు ఆయన ఎవరినీ ఏమీ అనలేదు.

దీదీ ఇప్పుడు లేరు. ఆవిడంటే నాకెంత ఇష్టమో ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుంటే, "ఏటిప్పుడు, ఏం విరగ్గొట్టేవు?" అని ఉండేవారు. నేను ఇవాళ ఈ ఆసుపత్రిలో రోగుల వివరాలు భద్రంగా చూసే పనిలో ఉన్నానంటే ఆ వరండాలో కూర్చోబట్టే. ఎక్కడైనా ఏదైనా బయటికి పొక్కిందన్న అనుమానం వస్తే, ముందు బాగుచేద్దాం, చెప్పే సంగతి తర్వాత చూద్దామని పైవాళ్లు అంటారు. వాళ్ల భయం నాకు తెలుసు, మా నాన్న మొహంలో చూశాను. అయినా నేను ఫోను తీసి ఆ రోగుల ఇళ్ల నంబర్లు నొక్కుతాను. అవతల ఎవరెత్తుతారో తెలియదు. ఆ ఇంట్లో ఏ మూల ఎవరు నిజం చెప్పి, ఎవరూ నమ్మక, తలుపేసుకుని కూర్చున్నారో అంతకంటే తెలియదు.